రెండు బిళ్లల నడుమ

ఆ ఆస్పత్రి ల్యాబులో ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వాడకంలో లేదు. ఎదురుగా అందరూ "అక్కా" అంటారు, ఆమె అటు తిరగగానే "ముక్కక్క" అంటారు. ముక్కుమీద కోపం కాబట్టి ఆ పేరు పెట్టి ఉంటారని కొత్తగా చేరినవాళ్లు అనుకుంటారు. కోపం ఉన్నమాట నిజమే, పేరు మాత్రం అందుకు రాలేదు. ఆ ముక్కు నిజంగా పనిచేసే ముక్కు.

ఆమె ఉద్యోగం క్రిములను పెంచడం. వినడానికి వింతగా ఉన్నా ఆస్పత్రుల్లో అదో పని. పైన వార్డుల్లో రోగుల గాయాల నుంచి తీసిన చీము, ఒంట్లోంచి తీసిన రక్తం చిన్న చిన్న గొట్టాల్లో కిందికి వస్తాయి. అరచేయంత గుండ్రటి ప్లేట్లలో జెల్లీ లాంటి మేత పోసి ఉంటుంది. దానిమీద పూసి వెచ్చటి పెట్టెలో పెడితే తెల్లారేసరికి క్రిములు మొలుస్తాయి. అవి ఏ జాతివో తేల్చడానికి యంత్రం ఉంది, దానికి గంటలు కావాలి. ముక్కక్కకు మూత కాస్త ఎత్తితే చాలు. "ఇది మాగిన ద్రాక్ష వాసన, ఇది తడిసిన ఎలుక వాసన" అంటూ పేర్లు చెప్పేస్తుంది. ముప్ఫై రెండేళ్లలో తప్పిన సందర్భాలు ఒక చేతి వేళ్లు దాటవట. ఆ లెక్క చెప్పేదీ ఆమే అనుకోండి. ప్లేటు మూత ఎత్తి వాసన చూడరాదని గోడమీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించి ఉంటుంది. అది రాసిందీ ఆమే.

క్రిమి ఏదో తెలిస్తే సగం పనే అయినట్టు. దాన్ని ఏ మందు చంపుతుందో కూడా తేలాలి. అందుకు ఆ క్రిమిని ప్లేటు నిండా పలచగా పూసి, పైన మందు పట్టించిన కాగితపు బిళ్లలు పెడతారు. చొక్కా గుండీ కంటే చిన్నవి. ఒక్కో బిళ్లకు ఒక్కో మందు. మర్నాటికి క్రిమి ప్లేటంతా తెల్లటి పొరలా పరుచుకుంటుంది. మందు పనిచేసేదైతే ఆ బిళ్ల చుట్టూ ఏమీ మొలవకుండా గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. పనిచేయనిదైతే పొర వచ్చి బిళ్లను ఆనుకుని దర్జాగా కూర్చుంటుంది.

ప్లేటుకు అయిదు బిళ్లలే పెట్టాలి, అదీ ఎడంగా. దగ్గరగా ఇరికిస్తే ఒకదాని ఖాళీ ఇంకొకదాని ఖాళీలోకి చొరబడి కొలతలు తప్పుతాయి. రెండేళ్ల కిందట అలాంటి ప్లేటు చూసి రాసిన తప్పు రిపోర్టు ఒకటి వార్డుకు వెళ్లబోయి ఆఖరి నిమిషంలో దొరికింది. బిళ్లలు ఇరికించిన తోటి టెక్నీషియన్‌ను ముక్కక్క అందరి ముందూ కడిగేసింది. అంతటితో ఆగక గోడమీద ఇంకో కాగితం అంటించింది. "అయిదుకు మించితే ప్లేటు చెల్లదు. పారేయాలి." పారేయాలి కింద రెండు గీతలు గీసింది. ఆ గీతలు చూసినప్పుడల్లా ఆ టెక్నీషియన్ మొహం మాడ్చుకునేది. ఆమెకది తెలిసినా తీసేయలేదు. రిటైరయ్యేదాకా తీయదని అందరికీ అర్థమైంది. రిటైర్మెంటు ఇంకో అయిదు నెలలుంది.

ల్యాబుకు రిపోర్టులిచ్చే చిన్న కిటికీ ఉంది. రోగుల తాలూకు మనుషులు అక్కడికే వస్తారు, ఆమె వాళ్లను మొహాలవరకే చూస్తుంది. రోగులను అసలు చూడదు. ముప్ఫై రెండేళ్లలో మూడో అంతస్తు వార్డులోకి ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. పెట్టాలని అనుకోలేదు కూడా. "రోగుల మొహాలు చూస్తే చెయ్యి వణుకుతుంది. నంబరు చూస్తే వణకదు" అనేది.

ఆ కిటికీ దగ్గరికి ఒక దర్జీ ఆవిడ రోజూ పొద్దున్నే రావడం మొదలుపెట్టింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతూ ఉండేది, తీయడం మరిచిపోయేదో, తీసే తీరికే లేదో. కోడలికి అపెండిక్స్ లోపలే పగిలిపోయి ఆపరేషన్ చేశారు. కుట్లలో చీము పట్టింది, తర్వాత అది రక్తంలోకి పాకింది. జ్వరం దిగడం లేదు. రాత్రిళ్లు కొడుకు కూర్చుంటే పగళ్లు ఈవిడ కూర్చుంటోంది.

"రిపోర్టు వచ్చిందా అమ్మా?"

"ఇంకా లేదమ్మా. రేపు చూద్దాం."

రోజూ ఇవే రెండు మాటలు. మొదటి రిపోర్టు వచ్చిన రోజు ముక్కక్క ఈ రెండు మాటలు కూడా సరిగ్గా చెప్పలేకపోయింది. పద్నాలుగు మందులు పెట్టి చూశారు. పద్నాలుగింటికీ ఎదురుగా "పనిచేయదు" అనే పడింది. అటువంటి మొండి క్రిములు ఈమధ్య వస్తూనే ఉన్నాయి, ఆమెకు కొత్త కాదు. ఈసారి మాత్రం ఆ టేపు మెడ కళ్లముందు కదిలి, రాస్తుంటే కలం రెండుసార్లు ఆగింది.

పైనుంచి వార్డు డాక్టరు కబురు పంపాడు. అరుదుగా వాడే మందులు ఇంకో ఏడున్నాయి, వాటిని కూడా పెట్టి చూడమన్నాడు. ఏడు బిళ్లలంటే రెండు ప్లేట్లు కావాలి. ఆ రోజు పోసిన మేత మొత్తం బూజు పట్టి పాడైంది, ఫ్రిజ్‌లో మంచి ప్లేటు ఒకే ఒక్కటి మిగిలింది. కొత్త మేత మర్నాటికి గానీ తయారవదు. అంటే ఇవాళ అయిదు, రేపు రెండు. ఒక రోజు పోతుంది. ఆ కోడలికి ఒక రోజంటే ఎంతో ముక్కక్కకు తెలుసు, డాక్టరు కబురుతో పాటు వచ్చిన జ్వరం చార్టు ఆమె కూడా చూసింది.

ఆమె చుట్టూ చూసింది. అందరూ ఎవరి పనిలో వాళ్లున్నారు. చిన్న పట్టకారు తీసుకుని ఒకే ప్లేటులో ఏడు బిళ్లలూ పెట్టేసింది. చివరి రెంటికీ చోటు చాలక అంచున పక్కపక్కనే ఇరికించింది. గోడమీద కాగితం వైపు చూడకుండా ప్లేటును వెచ్చటి పెట్టెలో తోసి తలుపు వేసింది. దేనికైనా ఖాళీ కనిపిస్తే రేపు పద్ధతిగా మళ్లీ పెట్టి చూసుకుందాం, ఎవరికి తెలియాలి అనుకుంది. కంచే చేను మేయడమంటే ఇదే.

మర్నాడు అందరికంటే ముందు వచ్చి ప్లేటు తీసింది. ఏడు బిళ్లల్లో ఒక్కటి కూడా పనిచేయలేదు. పొర వచ్చి అన్నిటినీ ఆనుకునే ఉంది. అంచున ఇరికించిన ఆ రెండు బిళ్లల నడుమ మాత్రం బొటనవేలి గోరంత మేర ఏమీ మొలవలేదు. అది చూడగానే ఆమెకు కలిగింది ఆశ కాదు, సిగ్గు. ఇరికించినందుకు కొలత చెడింది, తప్పు ప్లేటుమీద ముద్రలా కనబడుతోంది అనుకుంది. ఎవరైనా చూస్తే ముప్ఫై రెండేళ్ల పరువు గంగలో కలుస్తుంది. గబగబా రిజిస్టరులో ఏడింటికీ "పనిచేయదు" అని రాసి, ప్లేటును పారేసే పసుపు సంచిలో పడేసింది. రూలు కూడా అదే కదా, పారేయాలి, కింద రెండు గీతలు.

ఎనిమిదింటికి కిటికీ దగ్గర దర్జీ ఆవిడ నిలబడి ఉంది. ఆవిడ అలా రావడం మొదలై అప్పటికి తొమ్మిది రోజులైంది.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చిందమ్మా."

ఆమె గొంతు విని ఆవిడకు సగం అర్థమైంది. కిటికీ చెక్కను రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంకో ఏడు మందులు చూస్తారని పైన డాక్టరన్నాడు, ఒక్కటన్నా లేదా?"

"ఒక్కటీ లేదమ్మా."

ఆ మాట తన నోటినుంచి వస్తుంటేనే ముక్కక్కకు చురుక్కుమంది. ఒక్కటీ పనిచేయలేదు సరే. మరి ఆ గోరంత ఖాళీ ఎక్కణ్ణుంచి వచ్చింది? బిళ్లలు దగ్గరైతే ఖాళీలు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయని కదా కాగితం మీద రాసింది. చొరబడడానికి అసలు వాటికి ఖాళీలేవీ? రెండు సున్నాలు కలిసినంత మాత్రాన కొలత ఎందుకు చెడుతుంది?

"ఉండమ్మా, ఇప్పుడే వస్తా" అని లోపలికి పరుగెత్తింది. పసుపు సంచి లేదు. పారేసిన ప్లేట్లను రోజూ ఆవిరి కుక్కరులో పెట్టి ఉడకబెడతారు, ఇంటి కుక్కరు పదింతలు చేస్తే ఎంతో అంతది. సంచిని అప్పుడే ఆయా వరండాలోంచి ఈడ్చుకుపోతోంది. యాభై ఏడేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పుల మనిషి, వరండా పొడుగునా పరుగెత్తడం ఆ ఆస్పత్రిలో ఎవరూ అంతకుముందు చూడలేదు.

"మూత వెయ్యకే! వెయ్యకు!"

ఆయా కుక్కరు మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏమైందక్కా, ఉంగరం పడిందా?"

ముక్కక్క సంచిని తనవైపు లాక్కుంది. గ్లవుజులు తొడుక్కుని సంచిలో వెతికింది. ప్లేటు పగల్లేదు.

ఆ ప్లేటుతో ల్యాబు డాక్టరమ్మ గది ముందు ఆమె నిమిషంపాటు నిలబడిపోయింది. డాక్టరమ్మ ఆమె కూతురికంటే చిన్నది. ఈ ప్లేటు చూపించాలంటే ఎవరు పెట్టారో, ఎన్ని పెట్టారో చెప్పాలి. చూపించకుండా ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు, రిజిస్టరు శుభ్రంగా ఉంది. అయిదు నెలలు గడిస్తే పూలదండ వేసి పంపిస్తారు. ఈ లెక్కంతా ఆమె నిజంగానే వేసుకుంది, కాదని చెబితే అబద్ధమవుతుంది. తర్వాత తలుపు తోసింది.

"డాక్టరమ్మా, ఇది నేను పెట్టిన ప్లేటు. ఏడు పెట్టాను."

"ఏడా?"

"ఏడు. ప్లేట్లు లేవు, రోజు పోతుందని పెట్టాను. గోడమీద రాసింది నేనే, తప్పింది నేనే. మీరేం రాసుకున్నా సరే. ముందు ఈ మూల చూడండి."

డాక్టరమ్మ మొదట ప్లేటును కాదు, ఆమె మొహాన్నే చూసింది. తర్వాత ప్లేటును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"విడిగా రెండూ పనిచేయడం లేదు" అంది చివరికి.

"చేయడం లేదు."

"నడుమ మాత్రం క్రిమి చచ్చింది." డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "అక్కా, ఇది సినర్జిజం!"

ఆ మాట ముక్కక్క ఎప్పుడో ట్రైనింగులో చదివింది, పరీక్షలో రాసింది, మార్కులు రాగానే మరిచిపోయింది. అదే చెప్పింది. డాక్టరమ్మ నవ్వింది. "రెండూ రెండూ కలిసి నాలుగైతే ఈ మాట వాడరు అక్కా. అది మామూలు కూడిక. అయిదో ఆరో కావాలి. దోమల మందులో ఒకటి కలుపుతారు, అది విడిగా దోమను ఏమీ చేయదు. మందుతో కలిస్తే మాత్రం మందు బలం ఎన్నో రెట్లవుతుంది. కలిస్తే ఒకదాన్ని ఒకటి చెడగొట్టుకునేవి కూడా ఉంటాయి, వాటికి వేరే మాట ఉందిలెండి."

"మరి ఇక్కడ సున్నా, సున్నా కదా?"

"రెండు సున్నాలు ఒకదానిమీద ఒకటి పెడితే ఎనిమిది అవదా?" అంటూనే డాక్టరమ్మ ఫోను అందుకుంది.

పైనున్న వార్డు డాక్టరు మొదట ఒప్పుకోలేదు. చెల్లని ప్లేటును నమ్మి మందెలా ఎక్కించేది అన్నాడు. డాక్టరమ్మ అయిదు నిమిషాలు వాదించింది. పద్ధతిగా మళ్లీ పెడుతున్నామనీ, ఫలితం రేపటికి గానీ రాదనీ, ఆ అమ్మాయి రేపటిదాకా ఆగగలదో లేదో మీరే చెప్పండనీ అడిగింది. చివరికి అతను సరేనన్నాడు. సాయంత్రానికి రెండు మందులూ కలిపి ఎక్కించడం మొదలైంది.

ముక్కక్క కొత్త మేతతో నాలుగు ప్లేట్లు తీసుకుంది. ఈసారి స్కేలుతో కొలిచి, ఒక్కో ప్లేటులో ఆ రెండు బిళ్లలే ఒక్కో దూరంలో పెట్టింది. పని ముగిశాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి తనే అడిగింది. "తప్పుల పుస్తకంలో రాయాలి కదా?"

"రాయాలక్కా. కనిపెట్టింది మీరే అని కూడా నేను రాస్తాను. కానీ ఆ రూలు మాత్రం రూలే. ఇరికించిన ప్లేట్లన్నీ ఇలా కలిసిరావు."

"నాకు తెలియదా? ఆ గీతలు గీసింది నేనే కదా."

ఆమె పుస్తకంలో రాసింది. "ఒక ప్లేటులో ఏడు బిళ్లలు పెట్టాను. తప్పు నాది." కింద సంతకం చేసింది. రెండేళ్ల కిందట తిట్లు తిన్న ఆ టెక్నీషియన్ భుజం మీదుగా చదివి కిసుక్కున నవ్వింది. ముక్కక్క వెనక్కి తిరిగి, "నవ్వుకో, ఇవాళ నీ రోజు" అంది. ఒప్పుకోవడం ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ముందే రాసేదాన్ని అనుకుంది.

ఇంటికి వెళ్లాక భర్తకు అంతా చెప్పింది. ఆయన బిస్కెట్ల ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మాట వినగానే ఆయన మొహం ముడుచుకుంది.

"సినర్జీ! ఆ మాట నా ముందు ఎత్తకు. మా ఫ్యాక్టరీని పక్క ఫ్యాక్టరీతో కలిపినప్పుడు మేనేజరు మైకు పట్టుకుని గంటసేపు అదే మాట. ఇక సినర్జీ వస్తుందన్నాడు. ఏం వచ్చింది? ఇద్దరి పని ఒకణ్ణి చెయ్యమన్నారు. రెండోవాణ్ణి ఇంటికి పంపారు."

"అది వేరులెండి. అక్కడ ఇద్దర్నీ కలపలేదు, ఒకణ్ణి తీసేశారు."

ఆయన లేచి అలమారులోంచి నిఘంటువు తీసి, కళ్లద్దాలు వెతుక్కుని చదివాడు. "సహక్రియ. కలిసి పనిచేయుట."

"చాల్లేండి. బండికి కట్టిన ఎడ్లు కూడా కలిసే పనిచేస్తాయి. కానీ వాటిలో ఏ ఎద్దయినా ఒంటరిగా కూడా ఎంతో కొంత లాగుతుంది. నా బిళ్లలు ఒంటరిగా ఒక్క క్రిమిని కూడా కదిలించలేవు."

"అంటే మనిద్దరిలాగా అన్నమాట."

"మీ సంగతి మీరు చెప్పుకోండి. నేను ఒంటరిగా బ్రహ్మాండంగా లాగుతాను" అని ఆమె స్నానానికి వెళ్లింది. ఆయన నవ్వుతూ నిఘంటువు మూశాడు.

మర్నాడు నాలుగు ప్లేట్లూ ఒకే మాట చెప్పాయి. బిళ్లలకు బయటివైపు పొర ఆనుకునే ఉంది, ఎదురెదురు వైపుల మధ్యే ఖాళీ. మరీ ఎడంగా పెట్టినదాంట్లో సన్నగా, దగ్గరగా పెట్టినదాంట్లో వెడల్పుగా ఉంది. డాక్టరమ్మ రిపోర్టు మీద ఆ పెద్ద మాట రాసి సంతకం చేసింది. ముక్కక్క కాగితాన్ని తనే కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

దర్జీ ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇదేం మందమ్మా? పేరు పలకడానికే నోరు తిరగడం లేదు."

"మందు పేరు కాదమ్మా, మందులు చేసే పని పేరు. చూడూ, ఆ క్రిమి చేతిలో ఒక కత్తెర ఉంది. ఏ మందు వచ్చినా ముక్కలు చేసి పారేస్తోంది. మొదటి మందు వెళ్లి ఆ కత్తెరను గట్టిగా పట్టుకుంటుంది. అంతే, అంతకుమించి అది ఏమీ చేయలేదు. అప్పుడు రెండో మందు వెళ్లి క్రిమి పని పడుతుంది. ఇది ఒక్కటే వెళితే ముక్కలైపోతుంది. అది ఒక్కటే వెళితే పట్టుకుని నిలబడుతుంది అంతే."

"మందంగా ఉండే పరదా కుట్టేటప్పుడు నేనూ నా కోడలూ అంతేనమ్మా. తను గుడ్డ పట్టుకోకపోతే నా మిషను ఒక్క కుట్టు కూడా వెయ్యదు." ఆపైన గొంతు తగ్గించి, "తగ్గుతుందంటావా?" అంది.

తగ్గుతుందని చెప్పే అధికారం ముక్కక్కకు లేదు. ప్లేటులో చచ్చిన క్రిమి మనిషి ఒంట్లోనూ చావాలనేమీ లేదని కూడా ఆమెకు తెలుసు. "చూద్దాం అమ్మా" అని మాత్రం అంది.

రెండు రోజులు జ్వరం అలాగే ఉందని దర్జీ ఆవిడ వచ్చి చెప్పి వెళ్లింది. మూడో రోజు ఆవిడ రాలేదు.

ఎనిమిదైంది, తొమ్మిదైంది. ముక్కక్క చేతిలో ప్లేట్లు ఉన్నాయి, కళ్లు కిటికీ మీద ఉన్నాయి. పదయ్యేసరికి ఒక ప్లేటుకు నంబరు తప్పు రాసి కొట్టేసింది. వార్డుకు ఫోను చేస్తే నిమిషంలో తెలిసిపోతుంది. రెండుసార్లు ఫోను దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఆ మాటను ఫోనులో వినడం ఆమె వల్ల కాదనిపించింది. పదిన్నరకు కోటు విప్పి కొక్కేనికి తగిలించి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా మెట్లెక్కింది. లిఫ్టు ఉందన్న సంగతి కూడా తోచలేదు. మూడో అంతస్తు చేరేసరికి ఊపిరి అందక, గోడ పట్టుకుని నర్సును మంచం నంబరు అడిగింది.

నర్సు చూపించేలోపే ఒక గొంతు వినిపించింది. నీరసంగా ఉంది, కానీ పదునుగా ఉంది.

"ఎన్నిసార్లు చెప్పాలి అత్తయ్యా, ఆ మసక వెలుగులో సూది పట్టుకోవద్దని? కళ్లు పోతే ఎవరు చూస్తారు? రాత్రి అన్నం తిన్నారా? తినలేదు, నాకు తెలుసు. మొహం చూసుకున్నారా ఎలా అయిందో?"

వెలుగు సరిగా పడని మూల మంచం మీద ఒక సన్నటి పిల్ల రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చేతికి సెలైను గొట్టం. పక్కన స్టూలు మీద దర్జీ ఆవిడ చొక్కాకు గుండీలు కుడుతోంది. కన్నీళ్లు బుగ్గల మీదుగా టేపు మీదికి కారుతున్నాయి, మొహమంతా నవ్వే. ముక్కక్కను చూసి సూది గుడ్డలో గుచ్చి చటుక్కున లేచింది.

"అమ్మా, కిందికి రాలేదని ఏమీ అనుకోకు. తెల్లవారుజామున చెమట పట్టి జ్వరం వదిలింది. అప్పట్నుంచీ నన్ను తిడుతూనే ఉంది. పది రోజులపైనే అయింది ఇది నోరు మెదిపి. వదిలిపెట్టి వస్తే ఎక్కడ ఆపేస్తుందోనని కూర్చుండిపోయాను."

ముక్కక్క మంచం పట్టీ పట్టుకుని, ఇన్నేళ్లూ నంబరుగానే తెలిసిన మనుషుల్లో ఒకరి మొహాన్ని అలా చూస్తూ నిలబడింది. చెయ్యి వణికింది. వణకనీ అనుకుంది.

"ఎవరండీ మీరు?" అంది ఆ పిల్ల.

"కింద ల్యాబులో పనిచేస్తానమ్మా."

"అయితే మీరైనా చెప్పండి ఈవిడకి, కాస్త ఏదైనా తినమని. నా మాట వినదు."